నూజివీడు: మెట్ట మీది మామిడి ఊరు

నూజివీడు ఏలూరు జిల్లాలోని పురపాలక పట్టణం. రెవెన్యూ డివిజన్‌కూ, శాసనసభ నియోజకవర్గానికీ కేంద్రం. 2011 జనాభా లెక్కల్లో ఊరి జనాభా 58,590. కృష్ణా జిల్లా ఏర్పడిన 1859 నుంచి ఆ జిల్లాలోనే ఉండి, కొత్త జిల్లాలు అమల్లోకి వచ్చిన 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. జిల్లా మారినా జనం రాకపోకలు పెద్దగా మారలేదు. పెద్దాసుపత్రికైనా, పెళ్లి బట్టలకైనా, మామిడి లోడుకైనా ఇక్కడివాళ్ల చూపు ముందు విజయవాడ వైపే పోతుంది. ఆ నగరానికి ఈశాన్యంగా నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉందీ ఊరు.

పేరు గురించి స్థానికులు చెప్పుకునే మాట ఒకటుంది. ఒకప్పుడు ఇక్కడ నువ్వుచేలు ఎక్కువ. వీడు అంటే ఊరు, విడిది. నువ్వుచేల వీడు నోళ్లలో నలిగి నూజివీడు అయిందంటారు. భాషాపరంగా దీన్ని ఎవరెంత ఒప్పుకున్నా, నేల విషయంలో మాత్రం ఇది నమ్మదగ్గ కథే. నువ్వు తక్కువ నీటితో పండే మెట్టపంట. ఈ ఊరి చరిత్రలో ఏ మలుపు చూసినా దాని వెనక నీటి కరువో, నీటి రాకో కనిపిస్తుంది.

రెండు నేలల మధ్య

విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే జాతీయ రహదారి మీద హనుమాన్ జంక్షన్ వస్తుంది. రోడ్డుకు దక్షిణాన కాలువలు, వరిచేలు, కొబ్బరిచెట్లు. ఉత్తరాన నూజివీడు దారి పట్టి కాస్త దూరం పోయేసరికి మట్టి ఎర్రబడుతుంది. నేల మెల్లగా పైకి లేస్తుంది. దూరంగా చిన్న చిన్న గుట్టలు కనిపిస్తాయి. వాటి మధ్య ఎటు చూసినా మామిడి తోటలే. వరి పచ్చ లేతగా, గాలికి కదులుతూ ఉంటుంది. మామిడి పచ్చ ముదురు, నిలకడ. కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడు నిద్రమత్తులో ఉన్నా ఆ మార్పు గమనిస్తాడు.

ఈ తేడాకు ప్రకృతి సగం కారణం. మిగతా సగం 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట. ఆ ఆనకట్ట నుంచి తవ్విన కాలువలు కృష్ణా డెల్టాను రెండు పంటల మాగాణిగా మార్చేశాయి. కాలువ నీరు పల్లానికి పారుతుంది కాబట్టి మెట్టకు ఆ భాగ్యం దక్కలేదు. బుడమేరు, రామిలేరు, తమ్మిలేరు ఈ చుట్టుపక్కల మెట్టల మీది వాననీటిని పోగుచేసుకుని కొల్లేటిలో కలుపుతాయి. అవి వానాకాలంలో పొంగి వేసవిలో ఎండిపోయే వాగులు. వాటిని నమ్ముకుని వరి వేయడం కష్టం. అందుకే చెరువు కింద ఉన్న కాస్త నేలలో వరి, మిగిలిన ఎర్రచెలకల్లో అపరాలు, నువ్వులు, జొన్న వేసేవారు. రాళ్లు తేలిన చోట, వాలు ఉన్నచోట మామిడి నాటారు. మామిడి వేరు లోతుకు పోతుంది. ఒకసారి నిలదొక్కుకుంటే ఎండను తట్టుకుంటుంది. పైగా పూతకు వచ్చే ముందు కొన్నాళ్లు నేల ఆరి ఉండటమే దానికి మేలు. డెల్టా రైతుకు శాపంగా కనిపించే పొడి నేల మామిడికి అనుకూలించింది.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మీద నూజివీడు పేరుతో ఒక బ్రాంచి కాలువే ఉంది. కానీ ఈ ప్రాంతం ఆయకట్టుకు చిట్టచివర. చివరి భూముల రైతులకు కాలువ నీటితో ఉన్న అనుభవం ఆంధ్రదేశంలో ఏ ప్రాజెక్టు కిందనైనా ఒకటే: పైవాళ్ల పొలాలు తడిశాక మిగిలితే వస్తుంది. ఈ మెట్టను నిజంగా మార్చింది బోరుబావి.

కొత్తగా వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక. నూజివీడు రైల్వే స్టేషన్ నూజివీడులో లేదు. హౌరా-చెన్నై ప్రధాన మార్గం డెల్టా అంచున పోతుంది. ఈ పేరుగల స్టేషన్ హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంది. అక్కడ దిగి మళ్లీ బస్సో ఆటోనో ఎక్కాలి. ఆనకట్ట కాలువల్లాగే రైలు కూడా మెట్ట ఎక్కకుండా పల్లంలోనే ఆగిపోయింది.

అప్పారావుల ఏలుబడి

నూజివీడుకు ఊరుగా కాక రాజధానిగా పేరు తెచ్చింది మేకా వంశపు జమీందార్లు. అప్పారావు వాళ్ల బిరుదనామం. మట్టికోట కట్టుకుని, చుట్టూ పరగణాల మీద శిస్తు వసూలు చేసుకుంటూ, పైనున్న నవాబుకు పేష్కషు కట్టే పాలన వాళ్లది. ఉత్తర సర్కారులు 1760ల మధ్యలో ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి. నవాబుల కాలంలో బాకీ పడ్డా బతిమాలుకోవడానికి వీలుండేది. కంపెనీ లెక్కల పుస్తకం తెరిచింది. 1780ల్లో నారయ్య అప్పారావు మచిలీపట్నం దొరలకు లొంగనని ఎదురు తిరిగాడు. కంపెనీ సేనలు నూజివీడు కోట మీదికి వచ్చి పట్టుకున్నాయి. బొబ్బిలి కథ బుర్రకథలకెక్కింది. నూజివీడు కథకు ఆ అదృష్టం పట్టలేదు. జిల్లా చరిత్ర పుస్తకాల్లో కొన్ని పేజీలుగా మిగిలింది.

1802 శాశ్వత శిస్తు ఒప్పందంతో పాత సంస్థానం రెండయింది. నూజివీడు ఒక శాఖకు, నిడదవోలు మరో శాఖకు వెళ్లాయి. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో శోభనాద్రి అప్పారావు తర్వాత పంపకాల తగాదా మొదలైంది. సంస్థానం పెద్దకొడుకుకే చెందాలా, అందరికీ పంచాలా అనే వ్యాజ్యం మద్రాసు దాటి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. పంచవచ్చని తీర్పు వచ్చింది. ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు, కపిలేశ్వరపురం వంటి ఎస్టేట్లు అలా పుట్టినవే. భారతదేశంలో జమీందారీ ఆస్తుల విభజన గురించి వాదించే న్యాయవాదులు చాలాకాలం ఈ నూజివీడు కేసును ఉదహరించేవారు. 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలకు తెరపడింది.

శోభనాద్రి అన్న పేరు వెనక ఒక కొండ ఉంది. నూజివీడు నుంచి విజయవాడ వెళ్లే దారిలో ఉన్న ఆగిరిపల్లి దగ్గర శోభనాచలం మీద వెలసిన లక్ష్మీనరసింహస్వామి ఈ వంశానికి ఇలవేల్పు. మాఘమాసంలో అక్కడ జరిగే తిరునాళ్లకు చుట్టుపక్కల మెట్ట ఊళ్లన్నీ కదులుతాయి. ఆ కొండ పేరు మద్రాసు సినిమా లోకానికీ వెళ్లింది. మీర్జాపురం రాజా మేకా వెంకట్రామయ్య అప్పారావు సినిమా నిర్మాణంలో దిగి తన సంస్థకు శోభనాచల అని పేరు పెట్టుకున్నారు. అక్కినేని నాగేశ్వరరావు కథానాయకుడుగా నటించిన ‘కీలుగుర్రం’ (1949)కు ఆయనే దర్శకుడు. అదే ఏడాది ఆయన భార్య, నటి సి. కృష్ణవేణి నిర్మించిన ‘మనదేశం’తోనే ఎన్.టి. రామారావు వెండితెరకు పరిచయమయ్యారు. తెలుగు సినిమా చరిత్రకు ఈ మెట్ట జమీందారీ ఇచ్చినంత మరే చిన్న సంస్థానం ఇచ్చి ఉండదు.

కోట ఇప్పుడు కోటలా కనిపించదు. ఊళ్లో ఒక పేటగా మిగిలింది. అక్కడి కోట మహిషాసురమర్దని అమ్మవారి ఆలయంలో దసరా నవరాత్రులు ఘనంగా జరుగుతాయి. బజారు జీవితమంతా పెద్ద గాంధీబొమ్మ సెంటరు, చిన్న గాంధీబొమ్మ సెంటరు చుట్టూ తిరుగుతుంది. ఎవరికైనా దారి చెప్పాలంటే ఆ రెండు బొమ్మల్లో ఏదో ఒకటి ప్రస్తావించక తప్పదు.

పనస కర్రలో స్వరం

జమీందార్లు పోయినా వాళ్ల ఆదరణలో ఎదిగిన ఒక వృత్తి మాత్రం ఊళ్లో నిలిచింది. నూజివీడు వీణ సంగీత లోకంలో పేరున్న వీణ. ఆంధ్రలో వీణలు తయారుచేసే రెండు ముఖ్య స్థానాల్లో ఇదొకటి, రెండోది బొబ్బిలి. ఇక్కడ తరతరాలుగా ఈ పని చేస్తున్నది ముస్లిం కుటుంబాలు. సరస్వతి చేతిలో ఉండే వాద్యాన్ని వాళ్లు చెక్కుతారు, కొన్నవాళ్లు పూజామందిరాల్లో దానికి పసుపు కుంకుమ పెడతారు. ఇందులో ఎవరికీ ఏ వింతా కనిపించకపోవడమే ఈ ఊరి గొప్ప.

వీణకు పనస కర్ర కావాలి. పచ్చి కర్ర పనికిరాదు, బాగా ఆరాలి. లేకపోతే రెండేళ్లలో వంకరపోతుంది. బొబ్బిలిలో ఒకే మొద్దు నుంచి వీణంతా తొలిచే ఏకాండి పద్ధతికి పేరు. నూజివీడు పద్ధతిలో కుండ, దండి, యాళిముఖం వేరువేరుగా చేసి అతుకుతారు. కుండను లోపలి నుంచి తొలుస్తూ గోడ ఎంత పలచబడిందో వేలి కణుపుతో తట్టి చూస్తారు. మందంగా ఉంటే స్వరం మూగబోతుంది. మరీ పలచబడితే పగులుతుంది. కొలతబద్ద చెప్పలేని ఆ హద్దును చెవి చెబుతుంది.

కర్రపని అయ్యాక అసలు పరీక్ష మెట్లు వేయడం. దండి మీద మైనం, నల్లపొడి కలిపి కాచిన ముద్ద పరుస్తారు. అందులో 24 మెట్లు కూర్చుతారు. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అనే నాలుగు తంత్రులు బిగించి, ఒక్కో మెట్టునూ వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ స్వరం సరిచూస్తారు. పక్కన ఉండే మూడు తాళ తంత్రులు వేరు. మైనం ఎండకు మెత్తబడుతుంది కాబట్టి కొన్నేళ్లకోసారి మెట్లు మళ్లీ వేయించుకోవాలి. అందుకే వీణ కొన్నవారికీ చేసినవారికీ బంధం ఒక్క అమ్మకంతో తెగిపోదు. దూరదేశాల్లో ఉన్న తెలుగు, తమిళ కుటుంబాలు సెలవులకు వచ్చినప్పుడు పాత వీణను ఇక్కడికి మోసుకొచ్చి మెట్లు వేయించుకు వెళ్లడం మామూలే.

ఇటలీలో క్రెమోనా అనే చిన్న పట్టణం వయొలిన్ల తయారీకి ప్రసిద్ధి. అక్కడి వయొలిన్ నైపుణ్యాన్ని 2012లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ఆ విద్య నేర్పే బడి ఉంది, మ్యూజియం ఉంది. నూజివీడు వీణకు అటువంటి బడి లేదు. తండ్రి దగ్గర కొడుకు కూర్చుని నేర్చుకోవడమే ఇప్పటికీ ఉన్న ఏర్పాటు. కొడుకు వేరే పనికి పోతే ఆ ఇంట్లో ఉలి మూలపడుతుంది. ఈ వృత్తికి ఊరి బడిలోనే ఒక తరగతి గది ఇవ్వడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఇవ్వాలి కూడా.

చదువుల ఊరు

ఇంత చిన్న ఊళ్లో ఇన్ని కాలేజీలేమిటని అడిగేవారికి సమాధానం మళ్లీ అప్పారావుల దగ్గరే దొరుకుతుంది. ధర్మ అప్పారావు కళాశాల వాళ్ల పేరు మీదిదే. మేకా రంగయ్యప్పారావు రాష్ట్ర మంత్రిగా పనిచేశారు. 1974 నుంచి 1980 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతిగా ఉన్నారు. ఊళ్లోని పీజీ కేంద్రం ఆయన పేరుతోనే ఉంది. అదిప్పుడు కృష్ణా విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది.

2008లో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మూడు ప్రాంగణాలతో మొదలైంది. తెలంగాణకు బాసర, రాయలసీమకు ఇడుపులపాయ, కోస్తాకు నూజివీడు. జనం నోట్లో ఇది ట్రిపుల్ ఐటీ. పదో తరగతి మార్కుల మీద, పల్లెటూళ్ల ప్రభుత్వ బడుల పిల్లలకు పెద్దపీట వేస్తూ సీట్లిస్తారు. రెండేళ్లు ఇంటర్‌కు సమానమైన చదువు, నాలుగేళ్లు బీటెక్. ఆరేళ్లూ హాస్టల్లోనే. పదిహేనేళ్ల వయసులో ట్రంకు పెట్టెతో నూజివీడులో దిగి, ఇరవై ఒకటికి ఇంజనీరై వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో చాలామంది తమ ఇళ్లలో మొదటి పట్టభద్రులు. కోస్తా జిల్లాల మారుమూల పల్లెల్లో కూడా ఇప్పుడు ఈ ఊరి పేరు తెలుసంటే అది రసాల మామిడి వల్లనే అనుకోకూడదు.

పేరు దేశమంతా తీసుకెళ్లింది ఇంకోటి కూడా ఉంది. 1973లో మొదలైన నూజివీడు సీడ్స్ సంస్థ. బన్నీ, మల్లిక పత్తి విత్తనాల సంచుల మీద మహారాష్ట్ర, గుజరాత్ రైతులు చదివిన పేరు ఇదే. వాళ్లలో ఎందరికి ఇదొక ఊరని తెలుసు!

రసాలు

ఇక మామిడి. నూజివీడు తోటల్లో ముఖ్యంగా పండేవి మూడు: బంగినపల్లి, కలెక్టర్ అని పిలిచే తోతాపురి, రసాలు. బంగినపల్లి కోసుకు తినే పండు. పీచు ఉండదు, వారం రోజుల లారీ ప్రయాణాన్ని ఓర్చుకుంటుంది. ఢిల్లీ, ముంబయి బజార్లకు వెళ్లేది అదే. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా దానికే. కలెక్టర్ కాయ గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. తోటకు డబ్బు తెచ్చేవి ఈ రెండూ. పేరు తెచ్చేది మాత్రం రసం.

రసాల్లో చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం అని రకాలు. చిన్నరసం అరచేతిలో ఇమిడే పండు. చివర కొద్దిగా ముక్కు. పండినా కొన్ని కాయలు పూర్తిగా పసుపెక్కవు, భుజాల దగ్గర పచ్చదనం అంటుకునే ఉంటుంది. పీచు ఎక్కువ. కత్తితో పనిలేదు. రెండు అరచేతుల మధ్య మెల్లగా పిసికి, ముచ్చిక దగ్గర చిన్న బొక్క చేసి, మొదట వచ్చే జిగురు చుక్క పిండేసి, నోట్లో పెట్టుకుని జుర్రుకోవాలి. చివరికి టెంక బయటికి వస్తుంది. దాన్ని కూడా చప్పరించి వదలాలి. మోచేతి దాకా రసం కారకుండా తిన్నవాడు రసం తిననట్టే లెక్క.  రసం పండిన రెండు మూడు రోజులకు మించి ఆగదు. దూరం పోదు. అందుకే ఉత్తరాదివారికి బంగినపల్లి తెలుసు, రసం తెలియదు.

తోటపని ఏడాది పొడవునా ఉన్నా ఉత్కంఠ డిసెంబరు నుంచే మొదలవుతుంది. పూత వచ్చిందా, ఎంత వచ్చింది, మంచు పడిందా, తేనెమంచు పురుగు వాలిందా, బూడిద తెగులు కనిపించిందా అని ఊరంతా మాట్లాడుకుంటుంది. ఇటీవలి ఏళ్లలో మిరపను ముంచిన తామర పురుగు మామిడి పూత మీదికీ వచ్చింది. మందుల ఖర్చు అంతకంతకూ పెరిగింది. చాలామంది రైతులు తోటను సొంతంగా అమ్ముకోరు. పూత మీదో పిందె మీదో గుత్తకు ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఏప్రిల్, మే నెలల్లో ఒక్క సాయంత్రం ఈదురుగాలి లేచి కాయ రాలిందంటే నష్టం గుత్తేదారుది. కాయ నిలిచి ధర పలికితే లాభమూ అతనిదే. రైతు ముందే తీసుకున్న డబ్బుతో ఊరుకోవాలి. ఈ ఏర్పాటు రైతును నష్టం నుంచి కాపాడుతుందనేది నిజం. మంచి ఏడాది ఫలం అతనికి దక్కనివ్వదనేది కూడా అంతే నిజం.

కోత తెల్లవారుజామునే. పొడవాటి వెదురుగడ చివర వలసంచి కట్టిన చిక్కంతో, కాయకు కాస్త తొడిమ ఉంచి కోస్తారు. తొడిమ ఊడితే సొన కారి తొక్క మీద నల్లమచ్చ పడుతుంది, ఆ కాయకు ధర తెగిపోతుంది. కోసిన కాయను నీడలో పరిచి, పెద్దవీ చిన్నవీ దెబ్బతిన్నవీ వేరుచేస్తారు. అమ్మకానికి ఆగిరిపల్లి మండలం ఈదర, విజయవాడ శివారు నున్న మార్కెట్లు దిక్కు. అక్కడ తరుగు పేరుతో టన్నుకు ఇన్ని కిలోలని కోసుకోవడం రైతుల పాత ఫిర్యాదు. ఊళ్లో మామిడి పరిశోధనా స్థానం ఉంది, ఉద్యాన విశ్వవిద్యాలయం కింద పనిచేస్తుంది. విదేశాలకు పంపే కాయను వేడి ఆవిరితో శుద్ధిచేసి పండుఈగ బెడద లేకుండా చేసే ప్యాక్‌హౌస్ కూడా ఉంది.

ఇన్ని ఉన్నా తోటలు తగ్గుతున్నాయి. బోరు పడిన చోట మొక్కజొన్న వచ్చింది, ఆయిల్‌పామ్ వచ్చింది. ఆయిల్‌పామ్‌కు జాతీయ పరిశోధనా సంస్థే ఏలూరు పక్కన పెదవేగిలో ఉంది. గెల కోసిన ప్రతిసారీ డబ్బు చేతికొస్తుంది, నెలనెలా ఆదాయం. మామిడి ఏడాదికొక్కసారి, అదీ ఏడాది విడిచి ఏడాది కాపు. తాత నాటిన చెట్టును మనవడు కొట్టించి కట్టెల అడితికి తోలుతున్నాడంటే అతన్ని నిందించడానికి ఏమీ లేదు. లెక్క అలాగే ఉంది. నీళ్లు లేకపోవడం వల్ల వచ్చిన తోట, నీళ్లు రావడంతో పోతోంది. బంగినపల్లికైనా, కలెక్టర్‌కైనా వేరే ప్రాంతాలున్నాయి. రసానికి నూజివీడు తప్ప మరోచోట ఇంత మన్నన లేదు. గుత్తేదారు ముందుగా వద్దనేది కూడా రసం చెట్టునే. కాపాడవలసింది ఏదని అడిగితే ముందు దాని పేరే చెప్పాలి.

నూజివీడు చూడాలనుకునేవారు మే నెలలో వెళ్లండి. రోడ్డు పక్క మెరిసే పసుపు రంగు చూసి కొనకండి. గడ్డిలో కావు వేసిన రసం ఏదని అడగండి. ముచ్చిక దగ్గర వాసన చూడండి. అక్కడ తీపి వాసన వస్తే లోపల పండినట్టే. డజను కొనుక్కుని, ఆ సాయంత్రానికే తినేయండి.